ఈడీఎం (ఎలక్ట్రానిక్ డాన్స్ మ్యూజిక్) అంతా ఒకే మోత కాదా? హౌస్, టెక్నో, ట్రాన్స్ అని ఇన్ని పేర్లెందుకు? కొత్తగా వినేవాళ్ళు ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగినవి రెండు. కొత్తవాళ్ళు ఏం వినాలనేది ఒకటి, "ఇది హౌసా, టెక్నోనా" అని జనం వాదించుకోవడంలో అర్థం ఉందా అనేది ఇంకొకటి. రెండోదానికి ముందు జవాబు చెప్తాను: ఉంది. ఇంజనీరింగ్ హాస్టల్లో పట్టుకున్న ఈ పిచ్చి నన్ను ఇప్పటికీ వదల్లేదు. రాత్రిళ్ళు ఆ గదుల్లో చేసిన వాదనలే నాకు వినడం నేర్పాయి.

ఈడీఎం అనే మాట ఇంత పెద్దదైంది 2010 తర్వాతే. అమెరికాలో పెద్ద పెద్ద ఫెస్టివల్స్, రేడియోలు ఈ సంగీతాన్ని ఎత్తుకున్నప్పుడు అన్నింటినీ కలిపి అమ్మడానికి అది బాగా పనికొచ్చింది. దాని కింద ఉన్న సంగీతాలు మాత్రం వేరే వేరే ఊళ్ళలో, వేరే వేరే మనుషుల మధ్య పుట్టాయి. హౌస్ చికాగోది. 1977లో మొదలైన వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకుల్స్ డిస్కో రికార్డుల్ని సాగదీసి వాయించేవాడు. అక్కడ ఆడేవాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో గే యువకులు. టెక్నో డెట్రాయిట్‌ది. కార్ల ఫ్యాక్టరీల ఊరు. దాని శివార్లలోని బెల్‌విల్‌లో కలిసి చదువుకున్న హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ ముగ్గురూ జర్మనీ ఎలక్ట్రానిక్ బ్యాండ్ క్రాఫ్ట్‌వెర్క్‌నీ, లయే ప్రాణమైన అమెరికా నల్లజాతి సంగీతం ఫంక్‌నీ కలిపి విన్నవాళ్ళు. 1988లో లండన్‌లో వాళ్ళ పాటలతో ఒక సంకలనం వచ్చాక టెక్నో అన్న పేరు ప్రపంచానికి తెలిసింది. ఈ రెండింటినీ "ఏదో ఒక డాన్స్ మ్యూజిక్" అనేస్తే ఆ మనుషులు కథలోంచి మాయమైపోతారు. నేను పేర్ల కోసం పట్టుబట్టేది అందుకే.

ఇక్కడ మన దేశం వాదన ఒకటి చెప్పాలి, నాకు ఇది చాలా ఇష్టమైన వాదన. ముంబైలో సినిమా పాటలకి వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో ఒక ఎల్పీ (గ్రామఫోన్ ఆల్బమ్) చేశాడు. పది రాగాలు, కింద డిస్కో బీట్. రోలాండ్ కంపెనీ టీఆర్-808 డ్రమ్ మెషీన్, టీబీ-303 బాస్ మెషీన్, జూపిటర్-8 సింథసైజర్, అంతే. అప్పుడు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు. 2010లో మళ్ళీ విడుదలైతే ప్రపంచం నోరెళ్ళబెట్టింది. ఎందుకంటే అదే టీబీ-303ని మెలికలు తిప్పి చికాగోలో ఫ్యూచర్ అనే బృందం చేసిన "యాసిడ్ ట్రాక్స్" వచ్చింది 1987లో. ఆ మెలికల శబ్దంతో నడిచే హౌస్ రకాన్నే యాసిడ్ హౌస్ అంటారు, అది అక్కడ మొదలైందని అందరూ చెప్పుకుంటారు. మరి ఐదేళ్ళ ముందే మనవాడు చేశాడుగా?

మా హాస్టల్ మిత్రుడొకడు ఇప్పటికీ "యాసిడ్ హౌస్ ఇండియాలో పుట్టింది" అంటాడు. నేను ఒప్పుకోను. భైరవి రాగంలో ఆ మెషీన్ జారుతూ పోతుంటే నాకు ఒళ్ళు గగుర్పొడుస్తుంది, ఆ రికార్డు గొప్పతనం మీద నాకు ఏ అనుమానమూ లేదు. కానీ దాన్ని విని చికాగోలో ఎవరూ ఏమీ నేర్చుకోలేదు, దానికి ముంబైలో ఒక డాన్స్ ఫ్లోర్ తయారవ్వలేదు, దాన్ని చూసి రెండో రికార్డు పుట్టలేదు. శబ్దం ఒక్కటే జానర్ (సంగీత శైలి) కాదు. ఆ శబ్దం చుట్టూ చేరే జనం, వాళ్ళని చూసి పాట మార్చుకునే డీజే, మరుసటి వారం ఇంకొకడు చేసుకొచ్చే పాట, ఇవన్నీ కలిస్తేనే జానర్. చరణ్‌జిత్ సింగ్ ఆ దారిలో కాకుండా ఒంటరిగా అదే చోటికి చేరుకున్నాడు. నాకైతే "మనమే కనిపెట్టాం" అనడం కన్నా అదే పెద్ద గౌరవంగా కనిపిస్తుంది.

హౌస్‌లోనే ఒక రకమైన డీప్ హౌస్ పేరు మీద గొడవ కూడా ఇలాంటిదే. యూట్యూబ్‌లో ఆ పేరుతో బీచ్ ఫొటో పెట్టి వచ్చే గంటల కొద్దీ మిక్సుల్లో చాలావాటిలో ఉండేది పాప్ పాటకి మెత్తటి బీట్ తగిలించిన రీమిక్సులు. తప్పులేదు, వినండి. కానీ అసలు డీప్ హౌస్ అంటే ఏమిటో తెలియాలంటే లారీ హర్డ్ మిస్టర్ ఫింగర్స్ పేరుతో 1986లో తెచ్చిన "కెన్ యూ ఫీల్ ఇట్" ఒక్కసారి వినండి. జాజ్ లాంటి స్వర కలయికలు, తొందర లేని బాస్, మధ్యలో బోలెడంత ఖాళీ. విన్నాక ఆ బీచ్ మిక్సులకి ఈ పేరు ఎందుకు అతకదో మీకే తెలిసిపోతుంది.

గుర్తుపట్టడానికి మొదట కిక్‌ని పట్టుకోండి, అంటే ఆ "ధుమ్" అనే దెబ్బ. నాలుగు లెక్కల్లో ప్రతి లెక్కకీ అది పడుతుంటే హౌస్, టెక్నో, ట్రాన్స్ కుటుంబం. పదిహేను సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. 32 వస్తే నిమిషానికి 128, చాలావరకు హౌస్ ఆ చుట్టుపక్కలే ఉంటుంది. హౌస్‌లో రెండో, నాలుగో లెక్కల మీద చప్పట్లు, దెబ్బకీ దెబ్బకీ మధ్య హై-హ్యాట్ (డ్రమ్స్‌లోని చిన్న తాళాల జత) చప్పుడు, నడుములో కదలిక తెచ్చే ఊపు ఉంటాయి. టెక్నోలో పాటకన్నా యంత్రం ముందుంటుంది. మారుతున్నట్టే తెలియకుండా మారుతుంది. ట్రాన్స్ సాధారణంగా 130 నుంచి 140 మధ్య ఉంటుంది. మధ్యలో డ్రమ్స్ పూర్తిగా ఆగిపోయి రాగం ఒక్కటే పైకి లేస్తుంది, అది దాని ప్రాణం. కిక్ ప్రతి లెక్కకీ పడకుండా విరిగి విరిగి పడుతుంటే మీరు వేరే ఇంట్లో ఉన్నట్టే, డ్రమ్ అండ్ బాస్‌లోనో డబ్‌స్టెప్‌లోనో.

మన పెళ్ళి బరాత్‌లో డీజే బాక్సుల ముందు వినిపించేది ఇవేవీ కాదు. జానపదానికి తీన్‌మార్ దెబ్బ కలిపిన ఆ రీమిక్సుల లెక్క వేరు, వాటి ఆనందం వేరు. అది విని "డీజే మ్యూజిక్ అంతా ఇంతే" అనుకున్నవాళ్ళు నాకు చాలామంది తగిలారు, అందుకే చెప్తున్నాను.

ఇక ఏం వినాలి? "టాప్ టెన్" ఇవ్వడం నాకు నచ్చదు. ఎవరైనా అడిగితే ముందు వాళ్ళకి ఇప్పటికే ఏం ఇష్టమో అడుగుతాను. మా బావ ఇళయరాజా పాటల్లో వయొలిన్ల కోసం ప్రాణం పెడతాడు. ఆయనకి టెక్నో ఇస్తే లేచి వెళ్ళిపోతాడు. ట్రాన్స్ డీజే పాల్ వాన్ డైక్ "ఫర్ యాన్ ఏంజెల్" ఇచ్చాను, రేడియో కోసం కోసినది కాదు, పూర్తి నిడివిది. డ్రమ్స్ ఆగి రాగం లేచే చోట "ఇంకోసారి పెట్టు" అన్నాడు. ఇప్పుడు కారులో ట్రాన్సే.

మా తమ్ముడు పండగలకి డప్పు వాయిస్తాడు, రాగం వాడికి రెండో విషయం. వాడికి రోనీ సైజ్, రెప్రజెంట్ బృందం చేసిన "న్యూ ఫార్మ్స్" ఇచ్చాను, 1997లో బ్రిటన్‌లో మెర్క్యురీ ప్రైజ్ గెలిచిన డ్రమ్ అండ్ బాస్ ఆల్బమ్. నిమిషానికి 170 దాటిన డ్రమ్స్ కింద డబుల్ బాస్ నింపాదిగా నడుస్తుంటే, వాడు రెండు వేగాల్నీ రెండు చేతులతో బల్ల మీద పట్టేశాడు. వాడికి ఆమెన్ బ్రేక్ కథ కూడా చెప్పాను. 1969లో ది విన్‌స్టన్స్ అనే బ్యాండ్ పాటలో గ్రెగరీ కోల్‌మన్ వాయించిన సుమారు ఏడు సెకన్ల డ్రమ్స్ ముక్క అది. డ్రమ్ అండ్ బాస్, దానికి ముందు వచ్చిన జంగిల్ అనే సంగీతం చాలావరకు దాన్ని కోసి, తిప్పి, వేగం పెంచి కట్టినవే. ఆయనకి దాని మీద పైసా రాలేదు, 2006లో పోయాడు. డ్రమ్ అండ్ బాస్ వింటే ఆయన పేరు తెలుసుకుని వినండి.

డబ్‌స్టెప్ అడిగేవాళ్ళకి నేను ఫెస్టివల్స్‌లో పేరు మోగిన అమెరికా డీజే స్క్రిల్లెక్స్ కన్నా ముందు లండన్ సంగీతకారుడు బురియల్ ఇస్తాను, 2007 నాటి "అన్‌ట్రూ". డబ్‌స్టెప్ లండన్ దక్షిణాన క్రోయ్‌డన్ చుట్టుపక్కల, చీకటి గదుల్లో, ఛాతీకి తగిలే బాస్ కోసం పుట్టింది. బురియల్ ఆ బాస్‌కి వాన రాత్రి తోడు చేశాడు. స్క్రిల్లెక్స్‌ది పెద్ద మైదానం కోసం చేసిన గర్జన. రెండూ వినండి, కానీ వరస అదే పెట్టుకోండి.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను, ఫోన్ స్పీకర్ మీద ఇవి వినకండి. కిక్, బాస్ ఉండే కింది స్వరాల్ని ఆ చిన్న స్పీకర్ పలకలేదు, మిగిలేది చిటచిట మాత్రమే. మామూలు ఇయర్‌ఫోన్స్ అయినా చాలు. మూడు నిమిషాల ముక్కలు వదిలేసి మిక్సులు, అంటే డీజే పాటల్ని ఆపకుండా ఒకదాంట్లోకి ఒకటి కలిపి వాయించినవి, వినండి. ఈ పాటల మొదట్లో, చివర్లో ఉత్త డ్రమ్స్ ఉండేది డీజే ఒకదాంట్లోకి ఇంకోదాన్ని కలపడానికే, అందుకే విడిగా వింటే బోరు కొడతాయి. టెక్నోకి నేనిచ్చేది డెట్రాయిట్‌కి చెందిన జెఫ్ మిల్స్ టోక్యోలోని లిక్విడ్ రూమ్ క్లబ్బులో వాయించిన మిక్స్, 1996లో విడుదలైంది. మూడు టర్న్‌టేబుళ్ళు, ఒక్క మనిషి, ఊపిరి తీసుకోనివ్వడు. మొదటి పది నిమిషాలు గట్టిగానే ఉంటుంది. లేవకండి, ఫోన్ పక్కన పెట్టి కూర్చోండి.