పాఠకుల ప్రశ్నలు: స్పెయిన్ పేర్లు, ఫిలిప్పీన్స్ మనుషులు

ప్రశ్న: మా అమ్మాయి ఫిలిప్పీన్స్‌లోని దవావోలో ఎంబీబీఎస్ చదువుతున్నది. క్రిస్మస్ సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు తోటి విద్యార్థుల ఫొటోలు చూపించింది. ముఖాలు మన ఈశాన్య రాష్ట్రాల వాళ్లను పోలి ఉన్నాయి, పేర్లేమో సాంటోస్, క్రూజ్, రేయస్. చదివేది ఇంగ్లీషులో, వెళ్లేది చర్చికి. వీళ్లకు సొంతమని చెప్పుకోవడానికి ఏమైనా మిగిలిందా అని అడిగితే అమ్మాయి దగ్గర సరైన జవాబు లేదు. దయచేసి వివరించగలరు.
– ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, ముందు పేర్ల సంగతే చెప్పాలి, ఎందుకంటే చూసేవాళ్లు మొదట పొరబడేది అక్కడే. సాంటోస్ అనే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఆ కుటుంబం స్పెయిన్ నుంచి వచ్చిందని కాదు. స్పెయిన్ వాళ్లు 1565లో సెబూ దీవిలో కాలు మోపి, 1571లో మనీలాను పాలనకు కేంద్రం చేసుకున్నారు గానీ, ఆ తరువాత రెండు వందల ఏళ్లు దాటినా అక్కడి సామాన్య జనంలో చాలామందికి తరం నుంచి తరానికి నిలిచే ఇంటిపేర్లు లేవు. బాప్తిస్మం తీసుకున్నవాళ్లు భక్తి కొద్దీ పునీతులు అనే అర్థంలో సాంటోస్ అని, శిలువ అనే అర్థంలో క్రూజ్ అని పెట్టుకునేవారు, ఒక్కోసారి ఒకే ఇంటి అన్నదమ్ములకు వేర్వేరు పేర్లు ఉండేవి. పన్ను వసూలుకూ జనాభా లెక్కకూ ఇది చిక్కుగా మారడంతో, గవర్నర్ జనరల్ నార్సిసో క్లావెరియా 1849 నవంబర్ 21న ప్రతి కుటుంబానికీ స్థిరమైన ఇంటిపేరు ఉండి తీరాలని ఆజ్ఞ జారీ చేశాడు. అక్షరక్రమంలో కూర్చిన ఒక పెద్ద పేర్ల పట్టికను అచ్చు వేయించి, అందులోని పేజీలను ఊళ్లకు పంచిపెట్టారు. తమ ఊరికి వచ్చిన పేజీలో ఉన్న పేర్లలో నుంచే ఇంటి పెద్ద ఒకటి తీసుకోవాలి. అందువల్లనే అల్బాయ్ ప్రాంతంలోని ఓవాస్ అనే ఊళ్లో ఎక్కువ ఇంటిపేర్లు 'ర' అక్షరంతోనే మొదలవుతాయి. ఇది చదివినప్పుడు, పట్వారీ పహాణీలో ఏ పేరు రాస్తే ఆ పేరుతోనే బతికిన మన రైతు నాకు గుర్తుకు వచ్చాడు. పట్టికలో చెట్ల పేర్లు, ఊళ్ల పేర్లతో పాటు కొన్ని స్థానిక పదాలు కూడా ఉండేవి. నాలుగు తరాలుగా ఒకే ఇంటిపేరు వాడుతున్నవాళ్లు దాన్ని ఉంచుకోవచ్చని మినహాయింపు కూడా ఇచ్చారు.

ఆ దేశపు మహానాయకుడు హోసే రిజాల్ కథలోనూ పేరే ముఖ్యం. 1861లో పుట్టిన ఆయన కుటుంబానికి పాత ఇంటిపేరు మెర్కాడో, అంటే సంత. 1872లో ముగ్గురు స్థానిక మతగురువులను స్పెయిన్ ప్రభుత్వం చంపించింది. వారిలో బుర్గోస్ అనే గురువుతో రిజాల్ అన్నకు సన్నిహిత సంబంధం ఉండేది. మెర్కాడో అనే పేరు బడిలో తమ్ముడికి ముప్పు తేకూడదని, కుటుంబానికి ఉన్న రెండో పేరైన రిజాల్‌ను అతనికి వాడారు. స్పెయిన్ పెత్తనాన్ని ఎండగట్టిన రెండు నవలలను ఆయన స్పానిష్ భాషలోనే రాశాడు. 1896 డిసెంబర్ 30న మనీలాలో ఆయనను కాల్చి చంపారు. పాలకుడి భాషలో రాసినందుకు ఆయనను పరాయివాడని ఫిలిప్పీన్స్‌లో ఎవరూ అనరు. మన వైపు నిజాం కాలంలో ఉర్దూ మాధ్యమంలో చదివి ఇంట్లో తెలుగు మాట్లాడిన పెద్దలను కూడా మనం ఏనాడూ పరాయివాళ్లని అనలేదు.

ఇంగ్లీషు ఆ తరువాత వచ్చింది. 1898 జూన్ 12న ఫిలిపినోలు స్వాతంత్ర్యం ప్రకటించుకున్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో స్పెయిన్ ఆ దీవులను రెండు కోట్ల డాలర్లకు అమెరికాకు అప్పగించింది. ఒప్పుకోని ఫిలిపినోలతో 1899 నుంచి యుద్ధం జరిగింది. 1901లో థామస్ అనే ఓడలో సుమారు ఐదు వందల మంది అమెరికన్ ఉపాధ్యాయులు దిగారు, బడులన్నీ ఇంగ్లీషు బాట పట్టాయి. చివరకు 1946 జూలై 4న అమెరికా స్వాతంత్ర్యం ఇచ్చింది. కానీ 1962లో అధ్యక్షుడు మకపగాల్ స్వాతంత్ర్య దినాన్ని మళ్లీ జూన్ 12కు మార్చాడు. తమకు ఒకరు ఇచ్చిన రోజును కాదని తాము ప్రకటించుకున్న రోజును ఎంచుకోవడం నాకు చాలా గొప్ప పనిగా తోస్తుంది.

ఇక సొంతమైనది ఏమిటంటారా? స్పెయిన్ రాకముందే వాళ్లకు బైబాయిన్ అనే లిపి ఉండేది, అది మన తెలుగు లిపిలాగే బ్రాహ్మీ కుటుంబానికి చెందినది. మీరు 'ముఖాలు' అన్నారు కదా, అక్కడి ప్రధాన భాషల్లో ఒకటైన టాగలాగ్‌లో ముఖానికి మాట 'ముఖా' యే, ఉపాధ్యాయుడికి 'గురో', దేవతకు 'దివాతా'. వాళ్లు కుర్చీని 'సిల్య' అంటే అది స్పానిష్ నుంచి వచ్చిన మాట, మనం కుర్చీ అన్నా దర్వాజా అన్నా అవీ పొరుగు భాషల నుంచి వచ్చినవే. పెద్దలతో మాట్లాడేటప్పుడు వాక్యంలో 'పో' అని చేరుస్తారు, అది మన 'అండి' వంటిది. పెద్దల చేతిని తీసుకొని తమ నుదుటికి ఆనించుకోవడం వాళ్ల దండం. అయితే దవావోలో జనం ఎక్కువగా మాట్లాడేది బిసాయా అని పిలిచే సెబువానో భాష. మీ అమ్మాయి రోగుల దగ్గర నాలుగు మాటలు బిసాయాలో మాట్లాడటం నేర్చుకుంటే, ఇంగ్లీషులో రాని చనువు వస్తుంది.

ప్రశ్న: మా తాత పాలమూరు లేబర్‌గా గుంపుమేస్త్రీ వెంట దేశమంతా తిరిగి ప్రాజెక్టుల కాలువలు తవ్వాడు. ఫిలిప్పీన్స్ వాళ్లు కూడా ఇట్లాగే పరదేశాలకు వలస పోయారని విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకుడు, మక్తల్

జవాబు: నిజమే, పోలిక కూడా దగ్గరిది. 1906 డిసెంబర్‌లో పదిహేను మంది ఫిలిపినోలు హవాయి చెరకు తోటల్లో పనికి దిగారు. తోటల యజమానుల సంఘమే మనుషులను పంపి, ముఖ్యంగా వానాధారపు పొలాలున్న ఇలోకోస్ ప్రాంతం నుంచి, ఒప్పందం మీద కూలీలను తీసుకుపోయేది. ఇట్లా పోయినవాళ్లను 'సకాడా'లు అంటారు. తరువాతి నలభై ఏళ్లలో వీళ్ల సంఖ్య లక్ష దాటింది. మీ తాత గుంపులో ఆడవాళ్లూ మగవాళ్లూ జంటలుగా పోయి ఉంటారు, ఏడాదికోసారైనా ఊరు చూసి ఉంటారు. సకాడాలలో అత్యధికులు ఒంటరి మగవాళ్లు, మధ్యలో సముద్రం ఉన్నది.

అక్కడి నుంచి చాలామంది కాలిఫోర్నియా తోటలకు పోయారు. అమెరికా పాలన కింద ఉన్నందున రావడానికి అడ్డు లేదు గానీ, పౌరసత్వం మాత్రం ఇవ్వలేదు. తెల్లవారిని పెళ్లాడరాదనే చట్టం ఫిలిపినోలకు వర్తించదని 1933లో న్యాయస్థానం తీర్పు చెబితే, శాసనసభ ఆ చట్టంలో 'మలయ' జాతి అనే మాట చేర్చి దారి మూసింది. 1934 చట్టం ఏడాదికి యాభై మందికి మించి రాకుండా కట్టడి చేసింది. అట్లా పెళ్లి లేక, తిరిగి పోయే డబ్బు లేక తోటల్లోనే ముసలివాళ్లయినవారు ఎందరో. 1965 సెప్టెంబర్ 8న డెలానోలో ద్రాక్ష తోటల సమ్మె మొదలుపెట్టింది ఈ ఫిలిపినో కూలీలే, నాయకుడు లారీ ఇట్లియాంగ్. సీజర్ చావెజ్ నాయకత్వంలోని మెక్సికన్ కూలీలు కొద్ది రోజులకు వాళ్లతో కలిశారు. లోకం చావెజ్ పేరే ఎక్కువగా గుర్తు పెట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది.

పని చేయలేని ఆ వృద్ధుల కోసం డెలానోలో స్వచ్ఛంద సేవకుల చేతులతో అగ్బయానీ విలేజ్ అనే నివాసం కట్టారు, 1974లో అది మొదలయింది. అక్కడ చేరినవాళ్లలో చాలామందికి భార్యాబిడ్డలు లేరు. అయినా ఆ తరం వాళ్లను అమెరికాలోని ఫిలిపినోలు ఇవాళ్టికీ 'మనోంగ్'లు అని పిలుచుకుంటారు. ఇలోకానో భాషలో మనోంగ్ అంటే అన్న.