రెండో ఆపరేషన్‌కు ముందే ఆధారాలు చేతిలో పెట్టుకోండి

ప్రశ్న: మాది ఖమ్మం. 2023 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ (జీర్ణాశయంలో చాలా భాగం తీసేసి గొట్టంలా చేయడం) చేయించుకున్నాను. రూ.3.80 లక్షలు కట్టాం. 112 కిలోల నుంచి 79కి తగ్గి, మళ్లీ 101కి చేరాను. ఆపరేషన్ అయిన ఆరు నెలల నుంచే గుండెల్లో మంట, రాత్రిళ్లు కూర్చునే నిద్ర. అందరి మాటలూ పడలేకపోతున్నాను. 2025 జూన్‌లో వేరే డాక్టరు ఎండోస్కోపీ చేసి హయాటస్ హెర్నియా (జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారడం) ఉందన్నారు. నా ఫోన్‌లోని పాత ఎండోస్కోపీ రిపోర్టు ఫొటో చూసి, ఆపరేషన్‌కు ముందే అది ఉందని చెప్పారు. నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడు దాన్ని బైపాస్‌గా (జీర్ణాశయాన్ని చిన్న సంచిలా చేసి నేరుగా పేగుకు కలపడం) మార్చాలంటున్నారు. పాత ఆసుపత్రి వాళ్లు సగం ఖర్చుకే చేస్తాం, ఒక కాగితం మీద సంతకం చేయండి అంటున్నారు. ఫైలు ఇల్లు మారేటప్పుడు పోయింది. పరిహారం వస్తుందా?

జవాబు: బరువు మళ్లీ పెరిగిందన్న కారణంతో కేసు వేస్తే నిలవదు. స్లీవ్ తర్వాత కొందరికి బరువు తిరిగి వస్తుంది, అంతమాత్రాన డాక్టరు నిర్లక్ష్యం రుజువు కాదు. మీ కేసంతా ఆ పాత ఎండోస్కోపీ రిపోర్టు మీదే నిలబడుతుంది. స్లీవ్ వల్ల ఆసిడ్ రిఫ్లక్స్ (కడుపులోని ఆమ్లం గొంతు వైపు ఎగదన్నడం) పెరగవచ్చని ఆ సర్జరీలు చేసే ప్రతి డాక్టరుకూ తెలుసు. హెర్నియా ఉన్న సంగతి, దానివల్ల ఉన్న రిస్కు, బదులుగా బైపాస్ చేయించుకోవచ్చన్న మాట మీకు చెప్పి సంతకం తీసుకున్నారా? రోగికి ముఖ్యమైన ప్రమాదాలు, ప్రత్యామ్నాయాలు వివరించాకే అది సరైన సమ్మతి అవుతుందని సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. మీరు సంతకం చేసిన సమ్మతి పత్రంలో ఏం రాసి ఉందో చూడకుండా ఎవరూ మీకు గెలుపు హామీ ఇవ్వలేరు.

అలాంటి పత్రం ఉన్న ఫైలు పోగొట్టుకోవడం మామూలు పొరపాటు కాదమ్మా. లక్షలు పెట్టి కడుపు కోయించుకున్నవారు డిశ్చార్జ్ సమ్మరీ జిరాక్సు కూడా దాచుకోకపోతే ఎలా? ఈరోజే ఆసుపత్రికి స్పీడ్ పోస్టులో రాయండి: కేస్ షీటు, ఆపరేషన్ నోట్సు, సమ్మతి పత్రం, ఎండోస్కోపీ రిపోర్టు, బిల్లుల నకళ్లు కావాలని. 2002 నాటి వైద్య నీతి నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. కానీ డాక్టర్లు వాటిని ఉంచాల్సింది చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లే. మీకు 2026 ఏప్రిల్‌తో ఆ మూడేళ్లు నిండుతాయి. డబ్బు కట్టినందుకు బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి. ఫోన్‌లోని ఫొటోను చెరిపేయకండి, మరో రెండు చోట్ల కాపీ చేయండి.

ఇక గడువు. వినియోగదారుల చట్టం 2019, సెక్షన్ 69 కింద ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లు. 2025 జూన్‌లోనే హెర్నియా సంగతి తెలిసిందని మనం అంటాం. ఆరు నెలలకే మంట మొదలైతే ఎందుకు ఆరా తీయలేదని వాళ్లంటారు. ఆపరేషన్ తర్వాత ఏళ్ల తరబడి నొప్పి భరించి, చివరికి కడుపులో గాజుగుడ్డ బయటపడ్డ ఒక నర్సు కేసునే సుప్రీంకోర్టు 2010లో గడువు దాటిందని కొట్టేసింది. ఆమె ముందే విచారించాల్సింది అంది. కాబట్టి 2027 జూన్ దాకా టైముందని కూర్చోవద్దు. ఆలస్యం మన్నించాలన్న అర్జీ కూడా జతచేసి వెంటనే ఫిర్యాదు వేయండి.

ఆ కాగితం మీద మాత్రం సంతకం చేయకండి. ‘ఇకపై ఎలాంటి క్లెయిమూ లేదు’ అనే మాట అందులో ఉంటే, సగం బిల్లు తగ్గింపు కోసం మొత్తం హక్కు రాసిచ్చినట్టే. పైగా బైపాస్ చేశాక మీ కడుపు ఇప్పుడున్నట్టు ఉండదు. సాక్ష్యం మీద కత్తి పడుతుంది. అందుకే ముందు సంబంధం లేని మరో ఆసుపత్రిలో ఫొటోలతో సహా ఎండోస్కోపీ, బేరియం ఎక్స్‌రే (బేరియం ద్రవం తాగించి తీసేది) చేయించండి. బైపాస్‌గా మార్చడం ఎందుకు అవసరమో ఆ ఆసుపత్రి సర్జను చేత రాయించుకోండి, నోటిమాట చాలదు. ఆపరేషన్ వీడియో ఇవ్వమని కూడా ముందే అడగండి. అయితే రక్తపు వాంతులు, మింగలేకపోవడం వంటివి ఉంటే కేసు కోసం వైద్యం ఆపకండి.

ఫిర్యాదు ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, మీరు నివసించే చోటు చాలు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు కనుక ఫీజు లేదు. రెండో ఆపరేషన్ ఖర్చు, రిఫ్లక్స్ మందుల బిల్లులు, పడ్డ బాధకు పరిహారం విడివిడిగా అడగండి.