డీఎన్ఎస్ మారిస్తే నెట్ పరుగెడుతుందా?

ప్రశ్న: స్పీడ్ టెస్టులో నెట్ వేగం బాగానే చూపిస్తోంది. వీడియోలూ ఆగకుండా వస్తున్నాయి. కానీ ఏ కొత్త సైట్ తెరిచినా ముందు రెండు మూడు సెకన్లు తెల్ల పేజీయే. తర్వాత అంతా ఒక్కసారిగా వచ్చేస్తుంది. డీఎన్ఎస్ మార్చి నెట్ వేగం రెట్టింపు చేస్తానంటున్న యాప్ ఒకటి కనిపించింది. వేసుకోమంటారా?

జవాబు: వద్దు. ఎందుకో కింద చెబుతాను. ఈ ప్రశ్న మాటలు మార్చుకుని వస్తూనే ఉంది కాబట్టి ఈసారి కాస్త వివరంగా.

మీరు కొట్టిన సైట్ పేరుకి ఐపీ అడ్రస్ (ఆ సైట్ ఉన్న చోటి అంకెలు) వెతికి చెప్పేది డీఎన్ఎస్. సరిగ్గా పనిచేసే డీఎన్ఎస్ సర్వర్ 10 నుంచి 50 మిల్లీసెకన్లలో జవాబిస్తుంది. అంతకన్నా మంచిదానికి మారితే కలిసొచ్చేది కంటికి ఆనదు, డౌన్‌లోడ్ వేగమైతే వీసమెత్తు పెరగదు. మీకు రెండు మూడు సెకన్లు పోతున్నాయంటే సర్వర్ నెమ్మదిగా ఉందని కాదు, అసలు పలకడం లేదని. విండోస్ మొదటి సర్వర్‌ని అడిగి, దాదాపు ఒక సెకను చూసి, అప్పుడు రెండోదాన్ని అడుగుతుంది. లినక్స్‌లో పాతకాలపు రిజాల్వర్ (పేర్లు వెతికే భాగం) అయితే మామూలుగా 5 సెకన్లు కాచుకుంటుంది. ఒక వార్తల పేజీ తెరిస్తే ప్రకటనలు, ఫాంట్లు, బొమ్మలు కలిపి పది ఇరవై పేర్లు వెతకాల్సి వస్తుంది. జాబితాలో మొదటి సర్వర్ చచ్చిపోయి ఉంటే ఆ భారం అంతా పేజీ మీదే పడుతుంది.

తేల్చుకోవడం తేలిక. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఎన్ఎస్‌లుకప్’ కొట్టి, ఖాళీ వదిలి, ఎప్పుడూ తెరవని సైట్ పేరు ఇవ్వండి. మొదటి రెండు వరుసల్లో జవాబిచ్చిన సర్వర్ కనిపిస్తుంది. ‘రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్’ అని వస్తే దొంగ దొరికినట్టే. మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ‘డిగ్’ వాడితే ‘క్వెరీ టైమ్’ దగ్గర మిల్లీసెకన్లు చూపిస్తుంది. అదే పేరు రెండోసారి అడిగితే క్యాష్ (దాచిపెట్టుకున్న పాత జవాబుల నిల్వ) నుంచి వస్తుంది, ఆ అంకె చూసి మురిసిపోవద్దు.

విండోస్ 11లో మార్చాలంటే సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఈథర్‌నెట్ లేదా వైఫై (వైఫై అయితే హార్డ్‌వేర్ ప్రాపర్టీస్ కూడా), అక్కడ డీఎన్ఎస్ సర్వర్ అసైన్‌మెంట్ పక్కన ఎడిట్. మాన్యువల్ ఎంచుకుని క్లౌడ్‌ఫ్లేర్ వాళ్ల 1.1.1.1, 1.0.0.1 ఇవ్వండి. లేదా గూగుల్ వాళ్ల 8.8.8.8, 8.8.4.4. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నెట్‌లో ఐపీవీ6 (కొత్త తరహా పొడుగు ఐపీ అడ్రసులు) ఉంటే ఆ వైపు పాత సర్వర్ అలాగే కూర్చుని ఉంటుంది, జాప్యమూ అలాగే ఉంటుంది. అక్కడ కూడా 2606:4700:4700::1111, 2606:4700:4700::1001 ఇవ్వాలి. అదే పేజీలో ‘డీఎన్ఎస్ ఓవర్ హెచ్‌టీటీపీఎస్’ని ఆన్ చేయండి. లేకపోతే మీరు వెతికే ప్రతి పేరూ ఏ ముసుగూ లేకుండా దారిన పోతుంది. బ్రౌజర్‌లో ‘సెక్యూర్ డీఎన్ఎస్’కి వేరే సర్వర్ ఎంచి ఉంటే అది మీ సెట్టింగ్‌ని పట్టించుకోదని గుర్తుంచుకోండి. ఆఫీసు కంప్యూటర్ అయితే ముట్టుకోవద్దు, లోపలి సర్వర్ల పేర్లు బయటి డీఎన్ఎస్‌కి తెలియవు.

ఇక ఆ యాప్ సంగతి. డీఎన్ఎస్ ఎవరి చేతిలో ఉంటే మీరు ఏ పేరు కొడితే ఎక్కడికి వెళ్లాలో వాళ్లే నిర్ణయిస్తారు. ముక్కూ మొహం తెలియని యాప్‌కి ఆ పని అప్పగించడం దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. ఇది ఊరికే బెదిరింపు కాదు. ‘డీఎన్ఎస్ ఛేంజర్’ అనే మాల్వేర్ చేసిందల్లా ఈ సెట్టింగ్ మార్చడమే. 100కి పైగా దేశాల్లో సుమారు 40 లక్షల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయని 2011లో ముఠాను పట్టుకున్నప్పుడు ఎఫ్‌బీఐ చెప్పింది. ఆ కంప్యూటర్లు అడుగుతున్న ముఠా సర్వర్లను ఒక్కసారిగా ఆపేస్తే లక్షల మందికి నెట్ పోతుందని, కోర్టు అనుమతితో వాటి స్థానంలో మంచి సర్వర్లు పెట్టి 2012 జూలై 9 దాకా నడిపించారు.

ఇప్పుడు అంతకన్నా సుళువైన దారి రౌటర్. పెట్టెలోంచి తీసినప్పటి అడ్మిన్ పాస్‌వర్డ్ అలాగే ఉంటే, మీరు తెరిచిన ఒక చెడ్డ పేజీ లోపలి నుంచే రౌటర్‌లోకి దూరి డీఎన్ఎస్ మార్చేయగలదు. అప్పుడు ఇంట్లో ఫోన్లూ టీవీలూ అన్నీ ఆ దారినే పోతాయి, కంప్యూటర్‌లో యాంటీవైరస్‌కి కనపడేదేమీ ఉండదు. రౌటర్ పేజీ (చాలావాటికి 192.168.1.1 లేదా 192.168.0.1) తెరిచి, వ్యాన్ (బయటి నెట్ వైపు సెట్టింగ్), డీహెచ్‌సీపీ (ఇంట్లో పరికరాలకు అడ్రసులిచ్చే సెట్టింగ్) రెండు చోట్లా డీఎన్ఎస్ అంకెలు చూడండి. మీరు గానీ నెట్ ఇచ్చేవాళ్లు గానీ పెట్టనివి కనిపిస్తే తీసేసి, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చి, రిమోట్ మేనేజ్‌మెంట్ (బయటి నుంచి రౌటర్ తెరిచే దారి) ఆపి, ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయండి. ఎప్పుడూ వాడే సైట్‌కి సర్టిఫికెట్ హెచ్చరిక వస్తే ‘ముందుకు వెళ్లు’ నొక్కకండి. దారి మళ్లిందని మీకు తెలిపే గుర్తు దాదాపు అదొక్కటే.

అసలు కోపం రౌటర్లు తయారుచేసేవాళ్ల మీద. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ చేయమని చెప్పే నోటితోనే ఇంకో మాటా చెప్పాలి: కొన్ని రౌటర్లలో ఆ అప్‌డేట్ మీరు పెట్టిన డీఎన్ఎస్‌ని చెరిపేస్తుంది, మూసిన రిమోట్ మేనేజ్‌మెంట్‌ని మళ్లీ తెరుస్తుంది, ఒక్క ముక్క చెప్పదు. మెరిసే డ్యాష్‌బోర్డుకి పెట్టిన శ్రద్ధలో పదోవంతు పెట్టినా, డీఎన్ఎస్ ఎప్పుడు మారిందో చెప్పే ఒక్క వరుస ఆ పేజీలో ఉండేది. అప్‌డేట్ అయిన ప్రతిసారీ ఆ రెండు చోట్లా మళ్లీ చూసుకోక తప్పదు.

ప్రశ్న: కంప్యూటర్ ఆన్ కాగానే డీఎన్ఎస్ క్యాష్ తుడిచేసే స్క్రిప్టు పెట్టుకున్నాను. మంచిదేనా?

జవాబు: దండగ. రీస్టార్ట్ చేస్తే ఆ క్యాష్ ఎలాగూ ఖాళీ అవుతుంది. పని మధ్యలో తుడిస్తే తెలిసిన పేర్లన్నీ మళ్లీ వెతకాలి, వేగం తగ్గుతుంది. సైట్ వేరే సర్వర్‌కి మారినా మీకు పాతదే కనిపిస్తుంటే అప్పుడు ‘ఐపీకాన్ఫిగ్’ పక్కన స్లాష్ పెట్టి ‘ఫ్లష్‌డీఎన్ఎస్’ కొట్టండి. స్క్రిప్టు తీసేయండి.