అడవిలో దొరికిన ఈ పుట్టగొడుగు ఏ జాతిది? తినొచ్చా?

మీరు పెట్టిన ఫోటోలో పైనుంచి కనిపించే గొడుగు తప్ప ఇంకేమీ లేదు. దాన్నిబట్టి జాతి నేను చెప్పను, ఇంకెవరైనా చెప్పినా నమ్మకండి. కాడ మొదలు చూపించండి, అప్పుడు మాట్లాడుకుందాం.

నాకీ పట్టుదల మా బావ వల్ల వచ్చింది. ఓసారి వానలయ్యాక ఇద్దరం అడవిలో నడుస్తుంటే ఓక్ చెట్టు కింద లేత ఆకుపచ్చ గొడుగులు కనిపించాయి. ఆయన చాకు తీసి, మట్టి అంటకుండా కాడలు కోసి సంచిలో వేసుకున్నాడు. ఫోన్‌లో యాప్ తినదగ్గ జాతి పేరేదో చూపించింది. "చూశావా, తొంభై శాతం అంటోంది!" అన్నాడు. మిగతా పది శాతం ఎవరి కడుపులోకి బావా అన్నాను. ఆయనకి కోపమొచ్చింది. అసలు ఈ యాప్‌లకి ఆ శాతాలు చూపించే హక్కు ఎవరిచ్చారో!

ఆయన కోసిన చోటే కూర్చుని పుల్లతో తవ్వాను. మట్టిలో మిగిలిన కాడ చివర ఉబ్బి ఉంది. దాని చుట్టూ పగిలిన గుడ్డు పెంకులా చిరిగిన తెల్లటి తొడుగు. సంచిలోవాటికి కాడ మీద పల్చటి ఉంగరం, గొడుగు అడుగున తెల్లటి రేకులు. ఇంకేం కావాలి? డెత్ క్యాప్, అంటే అమానిటా ఫల్లాయిడిస్ అనే ప్రాణాంతకమైన విషపు పుట్టగొడుగు. చాకుతో కోసేసరికి అసలు ఆనవాలు నేలలోనే ఉండిపోయింది. ఎప్పుడూ కోయాలే తప్ప పీకకూడదని పాఠాలు చెప్పేవాళ్లంటే నాకు అందుకే మంట. తెలిసిన జాతికైతే సరే, తెలియనిదాన్ని మొదలంటా తవ్వాల్సిందే.

బావ అప్పటికీ ఒప్పుకోలేదు. ఇంటికొచ్చి ఒక గొడుగుని రేకులు కిందికి ఉండేలా నల్ల కాగితం మీద పెట్టి గ్లాసు బోర్లించాం. తెల్లారేసరికి సిద్ధబీజాలు రాలి, డెత్ క్యాప్‌కి ఉండే తెల్లటి ముద్రే పడింది. అప్పుడుగానీ సంచి ఖాళీ చేయలేదు.

వెండి చెంచా నల్లబడితేనే విషమనీ, పురుగులు తింటే మనమూ తినొచ్చనీ చెప్పేవన్నీ ఉత్త మాటలు. డెత్ క్యాప్‌లో ఉండే అమటాక్సిన్లనే విషాలు ఉడికించినా, ఎండబెట్టినా పోవు. రుచి బాగానే ఉంటుందని తిని బతికినవాళ్లే చెప్పారు. సాధారణంగా 6 నుంచి 24 గంటల దాకా ఏమీ తెలియదు. తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గినట్టే తగ్గి, ఆపైన కాలేయం దెబ్బతింటుంది.

మళ్లీ అటు వెళ్తే ఒకటి మొదలంటా తవ్వి, అడుగు నుంచి, పక్క నుంచి ఫోటోలు తీయండి. దగ్గర్లో ఏ చెట్టుందో కూడా రాయండి. ఇప్పటికే తినేసి ఉంటే మాత్రం ఒంట్లో బాగున్నా సరే, మిగిలిన ముక్క పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.