చుక్కకి 4 సరా, 16 సరా?

ప్రశ్న: మేడమ్ గారూ, మాది పొదలకూరు దగ్గర పల్లె. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతున్నాను. మా నిమ్మతోటకి నాన్న వేపనూనెని సబ్బునీళ్లలో కలిపి కొడతారు. డ్రమ్ములో కాసేపు వదిలేస్తే నూనె పైకి తేలిపోతుంది. మైక్రోఎమల్షన్ (నూనె నానోమీటర్ల సైజు చుక్కలుగా నీళ్లలో నిలిచిన మిశ్రమం) మాత్రం ఎన్నాళ్లయినా విడిపోదు, దానికి మిశ్రమ ఎంట్రోపీ, అంటే చుక్కల్ని ఎన్ని రకాలుగా సర్దవచ్చో చెప్పే కొలత, కారణమని చదివి దాన్నే ప్రాజెక్టుగా తీసుకున్నాను. నూనె చుక్క వ్యాసార్ధం 10 నానోమీటర్లు, నూనె 5 శాతం అనుకుని లెక్క వేశాను. ఒక నమూనాలో ఎంట్రోపీ వల్ల చుక్కకి 4 కేటీ (కేటీ అంటే వేడి వల్ల అణువుల కదలికకుండే శక్తికి కొలమానం) వచ్చింది, ఇంకోదాంట్లో 16. ఏది తప్పు? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని, నెల్లూరు జిల్లా

జవాబు: రెండూ తప్పు కాదు తల్లీ. నీ లెక్క నేనూ వేసి చూశాను, అవే అంకెలు వచ్చాయి.

ముందు మీ నాన్నగారి డ్రమ్ము సంగతి. పెట్రోలు జాతి నూనెకి, నీటికి మధ్య తలతన్యత, అంటే వాటి మధ్య పైతలాన్ని పెంచడానికి అయ్యే ఖర్చు, మీటరుకి 50 మిల్లీన్యూటన్ల దాకా ఉంటుంది. ఆ లెక్కన నీ చుక్క పైతలం ఏర్పడాలంటే దాదాపు 15 వేల కేటీల శక్తి కావాలి. ఎంట్రోపీ ఇచ్చే 4 గానీ 16 గానీ దానికి ఏ మూలకి? మామూలు సబ్బు ఈ తన్యతని కొంత తగ్గిస్తుంది, అంతే. సరైన సర్ఫక్టెంటుకి (సబ్బు లాంటి పదార్థానికి) పెంటనాల్ లాంటి ఆల్కహాల్ తోడైతే తన్యత మీటరుకి 0.01 మిల్లీన్యూటన్‌కి పడిపోతుంది. అప్పుడు చుక్కకి అయ్యే ఖర్చు 3 కేటీ. 4 వచ్చినా చాలు, చుక్కలు వాటంతటవే నిలబడతాయి. అందుకే నాన్నగారిని మందు కలిపిన వెంటనే, మధ్యమధ్యలో కలియబెడుతూ కొట్టమని చెప్పు.

ఇక నీ రెండు అంకెల సంగతి. నీ నమూనాలు చోటుని గళ్లుగా విడదీసి, వాటిలో చుక్కల్ని ఎన్ని రకాలుగా సర్దవచ్చో లెక్కపెడతాయి. నిన్న రాత్రి మా వరండాలో సుద్దతో 100 గళ్లు గీసి పది చింతపిక్కలు పెట్టాను. గడికి ఒకటి చొప్పున వాటిని సుమారు 17 లక్షల కోట్ల రకాలుగా సర్దవచ్చు. అదే చోటులో 400 గళ్లు గీస్తే ఆ సంఖ్య 15 లక్షల రెట్లు పెరుగుతుంది. ఆ రెట్ల సంఖ్యకి సహజ లాగరిథమ్ తీసి పది పిక్కలకీ పంచితే ఒక్కోదానికి 1.4 ఎక్కువ. చోటు అదే, పిక్కలూ అవే. గడి ఒక్కటే చిన్నదైంది.

నీ మొదటి నమూనాలో గడి చుక్కంత ఉంది. రెండోదాంట్లో నీటి అణువంత. నీ చుక్కలో దాదాపు 1 లక్షా 40 వేల నీటి అణువులు పట్టేంత చోటుంది. ఆ సంఖ్య సహజ లాగరిథమ్ 12కి కాస్త తక్కువ. 4కీ 16కీ తేడా అదే.

మామూలు ద్రావణమైతే ఈ తేడాని పట్టించుకోనక్కర్లేదు. అక్కడ అణువుల సంఖ్య మారదు కాబట్టి, కలిపాక వచ్చిన విలువలోంచి కలపకముందు విలువ తీసేస్తే గడి సైజు వల్ల వచ్చే స్థిరాంకం కొట్టుకుపోతుంది. మైక్రోఎమల్షన్‌లో చుక్కలు చీలతాయి, కలుస్తాయి, వాటి సంఖ్యే మారుతూ ఉంటుంది. ప్రతి చుక్కకీ 12 అదనంగా ఇచ్చే నమూనా ఎక్కువ చుక్కల వైపు, అంటే చిన్న చుక్కల వైపు మొగ్గుతుంది. ఈ సంగతి దాటవేసి సూత్రం మాత్రం రాసే పాఠాలంటే నాకు బాధ. పిల్లలు నీలాగే తమ లెక్కలోనే తప్పుందేమోనని కుమిలిపోతారు.

1982లో డి జెన్, టోపాన్ అనే శాస్త్రవేత్తలు గడి అంచుకి ఒక భౌతికమైన అర్థం ఇచ్చారు. సర్ఫక్టెంట్ పొర ఎంత దూరం వంగకుండా నిలుస్తుందో, గడి అంచు పొడవు అంత. నూనె, నీరు దాదాపు సమానంగా ఉండి, చుక్కలంటూ లేకుండా ఒకదాంట్లో ఒకటి అల్లుకుపోయిన ద్రావణాలకి ఆ దారి నాకు నచ్చుతుంది. నీది 5 శాతం నూనే కాబట్టి చుక్కల్ని గట్టి గోళాలుగా తీసుకునే పద్ధతే నయం. రిపోర్టులో గడి పరిమాణం ఎంత తీసుకున్నావో మొదటి పేజీలోనే రాయి. దాన్ని నాలుగైదు విలువలకి మార్చి, ప్రతిసారీ చుక్క సైజు ఎంత వస్తుందో గ్రాఫు గియ్యి. మీ కాలేజీలో ఎక్స్-రే పరిక్షేపణం కొలత దొరికితే, చుక్క అసలు సైజుని అదే గ్రాఫు మీద అడ్డగీతగా పెట్టు. గీశాక నాకు పంపించు తల్లీ, చూస్తాను.