సంతకం పెట్టే ముందు నాకు చూపించు

చెన్నై, మైలాపూర్

చిరంజీవి సుమకు పెదనాన్న ఆశీస్సులు.

వచ్చే నెల ఉద్యోగం మానేసి, ఇక పిల్లల పుస్తకాలకే బొమ్మలు వేస్తావని మీ నాన్న చెప్పాడు. మనసు ఉప్పొంగింది తల్లీ, కానీ ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు.

తేలికైనవి ముందు చెప్పేస్తాను. ఆరు నెలల అద్దె, ఇంటిఖర్చు విడిగా దాచు. సగం డబ్బు ముట్టాకే పని మొదలుపెట్టు. సవరణలు రెండుసార్లు దాటితే అదనంగా ఎంతో ముందే చెప్పు. అచ్చుకిచ్చే ఫైలు అసలు సైజులో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు ఉండాలి. కోతలో పోయేందుకు బొమ్మను చుట్టూ 3 మిల్లీమీటర్లు అదనంగా పొడిగించాలి, దాన్నే బ్లీడ్ అంటారు. తెర మీద మెరిసే నీలం సీఎంవైకేలో, అంటే అచ్చుకి వాడే నాలుగు సిరాల్లో, చప్పబడిపోతుంది. ప్రూఫ్, అంటే నమూనా అచ్చు, చూడందే సరేననకు.

జీతం పోతుందని మీ నాన్న బెంగ. విక్రమార్కుడి భుజాన బేతాళుణ్ణి గీసిన శంకర్ గారు చందమామలో జీతం మీదే దశాబ్దాలు వేశారు. మన చెన్నై పక్కనున్న చోళమండలం చిత్రకారులేమో బాతిక్ అనే మైనపు అద్దకం బట్టలు అమ్మిన డబ్బుతో స్థలం కొని, 1966లో ఊరే కట్టుకున్నారు. ఎలాగైనా బతకొచ్చు. నా భయమల్లా నీ చేతికి రాబోయే మొదటి పెద్ద పుస్తకం తాలూకు ఒప్పందం కాగితం గురించే.

మన పనిలో పాత తప్పు ఒకటుంది. పెద్ద అవకాశం రాగానే ‘మనవాళ్లేగా, కాగితాలెందుకు’ అని నోటిమాట మీద వేసిచ్చేస్తారు. లేదా ‘అన్ని హక్కులూ, శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న లైను చదవకుండానే సంతకం చేస్తారు. పుస్తకం బాగా పోతుంది. అందులోని కుందేలు స్కూలు బ్యాగు మీదికి, టిఫిన్ డబ్బా మీదికి, యానిమేషన్‌లోకి ఎక్కుతుంది. గీసిన మనిషికి రూపాయి రాదు. అదే కుందేలుతో ఇంకో పుస్తకం వేద్దామన్నా వాళ్లను అడుక్కోవాలి.

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి పెయింటింగ్ వేయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. నీ బొమ్మ పెయింటింగా, డ్రాయింగా అన్న వాదనకే చోటివ్వకు. ‘కాపీరైట్ చిత్రకారిణిదే, ఈ పుస్తకం ముద్రణకు మాత్రమే అనుమతి’ అని ఒక్క వాక్యం రాయించు. ఉద్యోగంలో భాగంగా వేసినవి మామూలుగా కంపెనీవే అవుతాయి. ఆ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకోకు, నలుగురికీ చూపించుకోవడానికి ఈమెయిల్‌లో అనుమతి అడుగు.

హక్కులు రాసివ్వక తప్పకపోతే 19వ సెక్షన్ గుర్తుంచుకో. ఏ బొమ్మలు, ఏ హక్కులు, ఎన్నేళ్లు, ఎక్కడ, ఎంత డబ్బు, అన్నీ కాగితం మీద ఉండాలి. ఏళ్లు రాయకపోతే అయిదేళ్లే. చోటు రాయకపోతే ఇండియాలోనే. మరోలా రాసుకోకపోతే, ఏడాదిలోగా వాడని హక్కు రద్దయిపోతుంది. అందుకే వాళ్లు ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని పనిగట్టుకుని రాయిస్తారు. ఆ రెండు మాటలూ కొట్టేసి, ‘అయిదేళ్లు, తెలుగు ముద్రణ మాత్రమే’ అని రాసి తిప్పి పంపు. పని పోతుందని వణకకు. అడిగితే సగం మంది దిగొస్తారు. అన్ని హక్కులూ ఇచ్చేసినా ఈ బొమ్మ నాదేనని చెప్పుకునే హక్కు 57వ సెక్షన్ కింద నీకే ఉంటుంది. పుస్తకంలో పేరు ఏ పేజీలో వేస్తారో కూడా రాయించు.

కాగితం మీద వేసిన అసలు బొమ్మలు ఎవరికీ ఇవ్వకు, స్కాన్ మాత్రమే పంపు. ప్లాస్టిక్ కవర్లో కుక్కావంటే ఈ సముద్రపు గాలికి చెమ్మ పట్టి రంగు మీద బూజు చుక్కలు లేస్తాయి. బొమ్మకీ బొమ్మకీ మధ్య యాసిడ్ లేని పల్చటి కాగితం పెట్టి, అట్టపెట్టెలో పరిచి, చెమ్మ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వెయ్యి. వర్షాకాలంలో అవి మారుస్తుండు.

రాత్రి పదకొండు దాటాక పెన్ను ముట్టకు. నీ కుడి మణికట్టు నొప్పి సంగతి మీ అమ్మ చెప్పింది, నాకు చెప్పకుండా దాచావు చూడు, అందుకు నాకు కోపం వచ్చింది. గంటకోసారి చెయ్యి విదిలించి లే.

వచ్చే ఆదివారం ఇంటికి రా. ఆ పబ్లిషరు పంపిన ఒప్పందం ప్రింటు తీయించి పట్టుకురా, వాట్సాప్‌లో అయితే నా కళ్లకు ఆనదు. అప్పటిదాకా సంతకం పెట్టకు.

మీ పెదనాన్న