దేనిలోకెల్లా గొప్ప?

సందేహం: ‘సర్వకాలిక అత్యుత్తమ ఆల్బమ్‌ల జాబితాల్లో జాతీయ పక్షపాతం’ అనే శీర్షికతో ఒక వ్యాసం చదివాను. లోపల ‘ఇతర దేశాల సంగీతంపై పక్షపాతం చూపారు’ అని రాశారు. ఈ ప్రయోగాలు సరైనవేనా? ఆల్బమ్ అనే మాటకు బహువచనం ఎలా రాయాలి?

సమాధానం: ముందు ఆ లోపలి వాక్యం సంగతి చూద్దాం. రచయిత చెప్పాలనుకున్నదొకటి, అక్కడ పడిన అర్థం మరొకటి. తెలుగులో ఒకరి మీద పక్షపాతం చూపడమంటే వాళ్ల కొమ్ము కాయడమే. మేష్టారికి ఫలానా పిల్లవాడి మీద పక్షపాతం అంటే వాడికి రెండు మార్కులు ఎక్కువే పడతాయి. ‘ఇతర దేశాల సంగీతాన్ని చిన్నచూపు చూశారు’ అనో, ‘పట్టించుకోలేదు’ అనో రాస్తే సరిపోయేది.

ఇక ‘జాతీయ పక్షపాతం’. జాతీయ పతాకం, జాతీయ రహదారి అన్నప్పుడు ఆ విశేషణం ‘దేశమంతటికీ చెందినది’ అని చెబుతుంది. అదే వరసలో చదివితే ఇది దేశం మొత్తానికీ ఉన్న పక్షపాతం అవుతుంది. పైగా జాతి అన్న మాటకు దేశం, తెగ, వంశం అంటూ బోలెడు అర్థాలున్నాయి కాబట్టి జాతి వివక్ష అనుకునే ప్రమాదమూ ఉంది. ‘స్వదేశ పక్షపాతం’ అంటే ఈ చిక్కు లేదు. ‘సొంత దేశం వైపు మొగ్గు’ అంటే నాకు ఇంకా నచ్చుతుంది. పక్షపాతం అన్నామంటే తప్పు చేశారని తేల్చేసినట్టు. మొగ్గు తెలియకుండా కూడా ఉండవచ్చు.

అయితే విషయంలోకి దిగితే ‘స్వదేశ’ కూడా పూర్తిగా అతకదు. అమెరికా పత్రిక రోలింగ్ స్టోన్ 2003లో ప్రకటించిన 500 ఆల్బమ్‌ల జాబితానే తీసుకోండి. మొదటి పదింటిలో బీటిల్స్ బృందానివే నాలుగు, రోలింగ్ స్టోన్స్ బృందానిది (పత్రికతో సంబంధం లేదు) ఒకటి, క్లాష్ బృందానిది ఒకటి. అంటే ఆరు బ్రిటన్‌వే! అమెరికాకు దక్కినవి నాలుగు. కానీ పదికి పదీ ఇంగ్లీషు పాటలే. కాబట్టి అక్కడున్నది జెండా మీద ప్రేమ కన్నా భాష గీసిన గిరి. సొంత ఊరి గాలి అసలు లేదని కాదు. బ్రిటిష్ పత్రిక ఎన్‌ఎంఈ 2013లో తన 500 ఆల్బమ్‌లలో స్మిత్స్ బృందం 1986లో తెచ్చిన ‘ది క్వీన్ ఈజ్ డెడ్’ను మొదటి స్థానంలో కూర్చోబెట్టింది. రోలింగ్ స్టోన్ జాబితాల్లో, 2003 నాటిదానిలో గానీ 2012లో సవరించినదానిలో గానీ, అది 200 దాటాక కనబడుతుంది. ఇందులో కుట్రేమీ లేదు. ఆ రికార్డు వచ్చినప్పుడు బ్రిటన్ అమ్మకాల పట్టికలో రెండో స్థానానికి చేరింది, అమెరికాలో 70 దగ్గరే ఆగిపోయింది. ఓటేసేవాళ్లు తాము వింటూ పెరిగినదానికే కదా ఓటేస్తారు!

శీర్షికలో అసలు లోపం ‘సర్వకాలిక’ దగ్గరుంది. వ్యాకరణం ప్రకారం ‘సార్వకాలిక’ అనాలి, అది చిన్న విషయం. ‘ఉత్తమ’ అన్నదే అన్నిటికన్నా మేలైనది అని చెబుతుంటే దానికి ‘అతి’ తగిలించడం కూడా వాడుకలో స్థిరపడిపోయింది, వదిలేద్దాం. నా అభ్యంతరం వేరు. ‘అతడు పొడుగు’ అంటే విని ఊరుకుంటాం. ‘అందరిలోకీ పొడుగు’ అంటే ఎవరెవరిలో అని అడుగుతాం. ‘లోకెల్లా’, ‘అన్నిటికన్నా’ అని రాయగానే ఆ గుంపు ఏదో చెప్పాల్సిన బాధ్యత మీద పడుతుంది. ‘సార్వకాలిక’ కాలాన్ని చెప్పి చోటును దాటేస్తుంది.

రోలింగ్ స్టోన్ పేరుతోనే జపాన్‌లో వచ్చే పత్రిక 2007లో జాబితా వేసినప్పుడు ‘జపాన్ రాక్ ఆల్బమ్‌లు’ అని గుంపు పేరు చెప్పే వేసింది. అందులో మొదటిది హ్యాపీ ఎండ్ బృందం 1971లో తెచ్చిన ‘కజెమచి రోమన్’. అదే ఏడు బ్రెజిల్ సంచిక కూడా ‘బ్రెజిల్ సంగీతం’ అని గిరి గీసుకుని, నోవోస్ బయానోస్ వారి 1972 నాటి ఆల్బమ్‌కు మొదటి పీట వేసింది. వాళ్లు దేశం పేరు చెప్పుకోవాల్సి వచ్చింది, అమెరికా సంచికకు ఆ అవసరమే తోచలేదు. ఈ తేడా నాకు ఏ ర్యాంకు కన్నా ఎక్కువ గుచ్చుకుంటుంది. 2020లో ఆ 500ను మళ్లీ ఎంచినప్పుడు స్పానిష్‌లో పాడిన బ్యాడ్ బన్నీ, షకీరాల ఆల్బమ్‌లకు చోటు దొరికింది గానీ, శీర్షిక మాత్రం మారలేదు.

మీరు చదివిన శీర్షికను నేనైతే ‘పత్రికలు ఎంచిన గొప్ప ఆల్బమ్‌లు: ఇంగ్లీషు వైపే మొగ్గు’ అని రాస్తాను. ఎంచినవాళ్లెవరో తెలిశాక ‘సార్వకాలిక’ అక్కర్లేదు.

బహువచనానికి ‘ఆల్బమ్‌లు’ చాలు. ‘ఆల్బములు’ తప్పు కాదు, కాస్త పాతవాసన వేస్తుంది. ‘ఆల్బమ్స్‌లు’ అని కూడా అక్కడక్కడా చూస్తున్నాను. అందులో బహువచనం రెండుసార్లు పడింది, అది మానుకోవాలి.